రాయాలనిపించనప్పుడు కూర్చోవాలా, వదిలేయాలా?

రాజోలు టీచర్:
అందరికీ నమస్కారమండి. పన్నెండేళ్లుగా కథలు రాస్తున్నాను. పోయిన దసరా నుంచి ఒక్కటి కూడా పూర్తవలేదు. ఒక పత్రిక నుంచి వరసగా రెండు కథలు తిరిగొచ్చాక మొదలైంది ఇది. తిరిగి రావడం నాకు కొత్తేం కాదు, కానీ ఈసారి ఎందుకో చెయ్యి ఆగిపోయింది. అందరూ చెప్పేదే చేశాను: తెల్లారగట్ట అయిదింటికి లేచి, పిల్లలకి క్యారేజీలు కట్టే లోపు గంటసేపు కాగితం ముందు కూర్చోవడం. నాలుగు నెలలు ఒక్కరోజు కూడా మానలేదు. రాసింది చదువుకుంటే అందులో నా గొంతు లేదు, పైగా ఇప్పుడు ఆ టేబులు చూస్తేనే టెన్షన్ వస్తోంది. అందుకే అడుగుతున్నాను. ఏమీ రాని రోజుల్లో పట్టుబట్టి కూర్చోవడం మంచిదా, పూర్తిగా వదిలేయడం మంచిదా? నా మటుకు వదిలేయడమే మేలనిపిస్తోంది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

రాజమండ్రి కుంచె:
నేను కాదంటానండి. నాతో కలిపి బొమ్మలు నేర్చుకున్నవాళ్లం పదకొండు మందిమి. ఇప్పుడు కుంచె పడుతున్నది ఇద్దరం. మిగతావాళ్లలో ఒక్కరు కూడా మానేశామని చెప్పలేదు, కొంచెం గ్యాప్ తీసుకుంటున్నామన్నారు, అంతే. మా ఊళ్లో దామెర్ల రామారావు గారి చిత్రశాలకి వెళ్లినప్పుడల్లా నాకు ఆయన వయసే కళ్ల ముందు ఆడుతుంది. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. ఆ కాస్త కాలంలోనే నూనె రంగులు, నీటి రంగులు, స్కెచ్ పుస్తకాలు. మనసు కుదిరాక చూద్దాంలే అనుకుని ఉంటే అవన్నీ మనకి ఉండేవా? నాలుగు నెలలు కూర్చున్నారు కదా, ఇంకో నాలుగు నెలలు కూర్చోండి. దయచేసి వదలొద్దు.

కోటిపల్లి రేవు:
కుంచె గారూ, ఆయన మనసు కుదిరేదాకా ఆగారో లేదో మనకెవరికీ తెలియదు కదండీ. మనకి తెలిసింది వేరు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో ఏముందో చూసి, ప్రోత్సహించి బొంబాయిలో బొమ్మలు నేర్పే జేజే స్కూలుకి పంపించారు. బాగుందని చెప్పే మనిషి పక్కనున్నప్పుడు పని చేయడం ఒకటి, తిప్పి పంపిన కవర్లు రెండు బల్ల మీద పెట్టుకుని చేయడం ఇంకొకటి. టీచర్ గారిది రెండోది.

నాకు తెలిసిన సంగతి చెప్తాను. మా నాన్న కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరుగా చేశారు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు దగ్గర పడ్డాక, ఏప్రిల్‌లో సాధారణంగా కాలువలు కట్టేస్తారు కదా, చిన్నప్పుడు నేను ఆయనకి అది సెలవనుకునేవాణ్ని. కాదు. ఏడాదంతా నీళ్లు పారుతున్నప్పుడు చేయలేని పనులన్నీ అప్పుడే. పూడిక తీయించడం, గుర్రపుడెక్క లాగించడం, తలుపులకి గ్రీజు, గట్టు కోసుకుపోయిన చోట మట్టి. నీళ్లు పారుతుండగా ఎవరూ అడుగు నుంచి పూడిక తీయలేరు. కాబట్టి కట్టేయడం తప్పు కాదు, అది కాలువకి అవసరం. అయితే కట్టేసే రోజే మళ్లీ ఎప్పుడు వదులుతారో కూడా చెప్తారు. సార్వా, అంటే మొదటి పంట, నారుమళ్లకి నీళ్లు కావాలి కాబట్టి రైతు ఆ తేదీ అడిగి మరీ తెలుసుకుంటాడు. కుంచె గారూ, మీ తొమ్మిది మంది గ్యాప్ అన్నారు గానీ తేదీ చెప్పలేదు. తేడా అక్కడుంది, గ్యాప్‌లో కాదు. టీచర్ గారూ, వదిలేయండి, కానీ వదిలే ముందు క్యాలెండరులో ఒక రోజుకి సున్నా చుట్టండి.

రాజమండ్రి కుంచె:
తేదీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఖాళీగా ఉంటే అదే వస్తుందన్న నమ్మకం మీద నాకు ఇంకా అభ్యంతరం ఉంది. ఫ్రెంచి గణితవేత్త పాంకరే సంగతి చాలామంది చెప్తుంటారు, గుర్రపు బండి మెట్టు మీద కాలు పెట్టగానే జవాబు తట్టిందని. దానికి ముందు పదిహేను రోజులు ఆయన రోజూ ఆ లెక్కతో కుస్తీ పట్టారన్నది మాత్రం వదిలేస్తారు. లోపల ఏదీ పడకుండా ఏదీ పైకి రాదు.

కోటిపల్లి రేవు:
అది నిజమే. కానీ టీచర్ గారు పదిహేను రోజులు కాదండీ, నాలుగు నెలలు కుస్తీ పట్టారు. ఇక బండి ఎక్కాల్సిన సమయం వచ్చినట్టే. నడక గురించి 2014లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పరీక్షలు చేశారు. కూర్చున్నప్పటి కంటే నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు సగటున అరవై శాతం దాకా ఎక్కువ వచ్చాయట, నడిచి వచ్చి కూర్చున్నాక కూడా కాసేపు ఆ ఊపు ఉందట. అయితే ఒకే ఒక్క సరైన జవాబు వెతకాల్సిన పనిలో నడక ఉపయోగపడలేదు. అంటే కథ పుట్టడానికి గట్టు మీద నడవాలి, కథ దిద్దడానికి టేబులు దగ్గరకే రావాలి. నాకైతే అలా అర్థమైంది.

నరసాపురం లేసు:
టీచరమ్మా, నేను పెద్దగా చదువుకోలేదు, మా అమ్మాయి చేత టైప్ చేయిస్తున్నాను. మా లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అన్న ముద్ర, వచ్చింది, సంతోషమే, కానీ మాకు వచ్చేది ఇప్పటికీ పీసు లెక్కనే, కాబట్టి మనసు బాగోలేదని సూది పక్కన పెట్టే వీలు మాకు లేదు. అలా చూస్తే నేను కుంచె గారి వైపే. కానీ మీరు అడిగింది ఆ పని గురించి కాదు. ఇచ్చిన డిజైను అల్లడానికి చెయ్యి చాలు, కొత్త డిజైను నా బుర్రలోంచి రావాలంటే అది వేరే కష్టం. నాకూ ఆగిపోయింది ఒకసారి, దాదాపు ఏడాది. ఏది మొదలుపెట్టినా నాలుగు వరసలకే నచ్చక విప్పేసేదాన్ని.

అప్పుడు మా అమ్మమ్మ అల్లిన పాత గుడ్డ ఒకటి పెట్టెలోంచి తీశాను. పసుపు రంగుకి వచ్చేసింది, ఒక మూల ఎలక కొరికింది. దాన్ని ముందు పెట్టుకుని గొలుసులెన్ని, కన్నాలెన్ని, ఎక్కడ పెంచింది, ఎక్కడ తగ్గించింది అని లెక్కపెడుతూ ఉన్నదున్నట్టు అల్లాను. నాది అనే గొడవ లేదు, బాగుండాలన్న భయం లేదు. మూడో రోజు ఎలక కొరికిన మూల దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఆవిడ ఏం వేసిందో తెలియదు. చూసి అల్లడానికి ఏమీ లేదు. అక్కడ నేను వేసిందే నా కొత్త డిజైనుకి మొదలు. కాబట్టి కూర్చోవడం మానొద్దమ్మా, కానీ మీ కథ కోసం కూర్చోవద్దు. మీకు ఇష్టమైన వాళ్ల కథ ఒకటి మీ చేతిరాతతో, ఉన్నదున్నట్టు, నింపాదిగా దించండి.

రాజమండ్రి కుంచె:
అక్కా, ఈ మాట నేను చెప్పి ఉండాల్సింది. మేమూ అలాగే నేర్చుకున్నాం, పెద్దవాళ్ల బొమ్మలు చూసి వేస్తూ. నేర్చుకోవడం అయిపోయాక ఆ పని చేయకూడదని మాకు మేమే అనుకున్నాం. ఇంకో నాలుగు నెలలు అదే టేబులు దగ్గర కూర్చోమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, టీచర్ గారూ.

రాజోలు టీచర్:
రెండు రోజుల నుంచి మీ మాటలే తలలో తిరుగుతున్నాయి. పూర్తిగా వదిలేయడమే మంచిదని రాశాను కదా, అది అలసటతో అన్నదని ఇప్పుడు తెలుస్తోంది. నాకు విరామం కావాల్సింది రాత నుంచి కాదు, ప్రతి వాక్యాన్నీ ఆ పత్రిక ఒప్పుకుంటుందా లేదా అని చూసే చూపు నుంచి. అది లోపల పూడికలా పేరుకుపోయింది, నేనేమో పైన నీళ్లు తోడుతూ కూర్చున్నాను.

ఇవాళ ఆ టేబులు వాకిట్లోకి జరిపించి దాని మీద పిల్లల పుస్తకాలు పెట్టాను. బడులు తెరిచే రోజుకి క్యాలెండరులో సున్నా చుట్టాను. అప్పటిదాకా కథ రాయను. సాయంత్రాలు సఖినేటిపల్లి రేవు దాకా వెళ్లి, గోదావరి దాటించే పంటు ఎక్కి అవతలికి వెళ్లి వస్తాను, ఎక్కేవాళ్లు మాట్లాడుకునేది వింటాను. తెల్లారగట్ట ఆ గంట మాత్రం మాననండి, దానికి అలవాటు పడిపోయాను. మా మామ్మ చెప్పగా మా నాన్న పాత నోటు పుస్తకంలో రాసి పెట్టిన వరద కబుర్లున్నాయి, నేల మీద కూర్చుని వాటిని దించడం మొదలుపెట్టాను. చివరి పేజీలు తడిసి సిరా అలుక్కుపోయింది.

నరసాపురం అక్కా, మీ అమ్మమ్మ గారి గుడ్డ ఫొటో ఒకటి పెట్టగలరా? ఆ కొరికిన మూల కనపడేలా.