ఊళ్లో ఆర్వో ప్లాంటుకి విదేశాల్లోని మనవాళ్ల చందాలు: ఎలా తీసుకోవాలి?

ప్రశ్న:
కనిగిరి వైపు పల్లె, మూడు వందల గడప. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఊరివాళ్లు కొందరు దుబాయ్, ఖతార్‌లలో ఉన్నారు, కొందరు అమెరికాలో. అమెరికా వాళ్లలో సగం మందికి అక్కడి పౌరసత్వం వచ్చేసింది. అందరం కలిసి గంటకు వెయ్యి లీటర్ల ఆర్వో ప్లాంటు పెట్టిద్దామనుకుంటున్నాం. అక్కడే ఒక సంఘం ఖాతాలో డబ్బు పోగేసి, సర్పంచ్ గారి ఖాతాకి పంపితే సరిపోతుందా?

జవాబు 1:
అలా మాత్రం చేయకండి. విదేశీ విరాళాల చట్టం, 2010 (ఎఫ్‌సీఆర్‌ఏ) చూసేది డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందన్నది కాదు, ఇచ్చిందెవరన్నది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గల్ఫ్‌లో ఉన్నా, గ్రీన్‌కార్డు మీద ఉన్నా, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరులిస్తే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే; కేంద్ర హోంశాఖ అనుమతి లేకుండా ఊరి సంఘం దాన్ని తీసుకోకూడదు. బయట ఏర్పడిన సంఘం ఇచ్చినా అంతే, అందులో అందరూ మన పాస్‌పోర్టు వాళ్లే అయినా. అందుకే అక్కడ పోగేయొద్దు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎవరి వాటా వాళ్లు తమ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌వో ఖాతా (విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఖాతా) నుంచి పంపాలి. ఇక్కడ ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్టర్ చేయించి, దాని పేర ఖాతా తెరవండి. ప్రతి దాత పాస్‌పోర్టు నకలు రసీదుతో పాటు ఫైల్లో ఉంచండి.

సర్పంచ్, వార్డు సభ్యులు విదేశీ విరాళం అసలు తీసుకోకూడదు. చట్టసభ సభ్యులు తీసుకోకూడదని ఆ చట్టం చెబుతుంది, చట్టసభ అనే మాటకి అందులో ఇచ్చిన నిర్వచనంలో పంచాయతీ కూడా ఉంది. పంచాయతీ నుంచి మీకు కావలసింది స్థలానికి, బోరుకి తీర్మానం.

ప్రశ్న:
మరి అమెరికా పౌరులు ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు పంపి, వాళ్లు సొసైటీకి కడితే?

జవాబు 1:
చాలామంది పొరబడేది ఇక్కడే. బంధువుకి ఇంటి ఖర్చుకి పంపుకోవచ్చు. ఆ డబ్బే సొసైటీకి చేరితే, ఎన్ని చేతులు మారినా విదేశీ విరాళమే. సొసైటీ ముందస్తు అనుమతి కోరుతూ ఎఫ్‌సీ-3బి అనే దరఖాస్తు దాఖలు చేయొచ్చు. దానికి దాత నుంచి ఎంత మొత్తం ఇస్తారో రాసిన హామీ పత్రం, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా, ఏటా ఎఫ్‌సీ-4 ఫారంలో లెక్కలు కావాలి. చిన్న సొసైటీకి ఇది మోయలేని బరువు. వాళ్ల వాటాని ఇప్పటికే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి ఇప్పించి, స్కూల్లో మరుగుదొడ్ల వంటి విడి పనిని ఆ సంస్థ చేతే నేరుగా చేయించండి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఆ డబ్బుని మీ సొసైటీకి మళ్లించలేదు.

జవాబు 2:
ప్లాంటు సంగతి. కొటేషన్ కంటే ముందు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) చూపే మీటరు ఫ్లోరైడ్ చూపదు, ఆ పరీక్ష విడిగా అడగాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు.

ఇంటికో ఇరవై లీటర్ల క్యాను అంటే రోజుకి ఆరు వేల లీటర్లు, ఆరు గంటల పని. అన్ని మంచినీళ్లు రావాలంటే బోరు దాదాపు రెట్టింపు తోడాలి, మిగతా సగం రిజెక్టు, అంటే ప్లాంటు బయటికి వదిలేసే ఉప్పునీళ్లు. పచ్చినీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉంటే రిజెక్టులో 6కి దగ్గరగా ఉంటుంది. దాన్ని చెరువులోకో, బోరు పక్క గుంతలోకో వదిలితే మళ్లీ మీ నీళ్లలోకే వస్తుంది.

ప్లాంట్లు మూతబడేది ఎక్కువగా రెండు మూడేళ్లకు, మెంబ్రేన్లు (నీళ్లను వడగట్టే పొరలు) మార్చాల్సి వచ్చినప్పుడు. యాంటీస్కేలెంట్ (వాటి మీద ఉప్పు పేరుకోకుండా వేసే మందు) అయిపోయినా మోటారు నడిపిస్తే ఉప్పు పేరుకుని ఇంకా ముందే పోతాయి. క్యానుకి ఐదు రూపాయలు పెడితే, రోజుకి మూడు వందల క్యాన్లకు నెలకి 45 వేలు వస్తుంది. ఆపరేటరు జీతం, కరెంటు, ఫిల్టర్లు పోగా మిగిలింది మెంబ్రేన్ల కోసం విడి ఖాతాలో వేయండి. విదేశాల్లోని దాతలకు నెలనెలా ఆ ఖాతా నిల్వ, టీడీఎస్ రీడింగు, మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ రిపోర్టు పంపండి. ఉచితంగా పోయాలని ఊళ్లో ఒత్తిడి వస్తుంది, కనీసం మెంబ్రేన్ డబ్బు చేరేదాకా ఒప్పుకోవద్దు.