కిలోమీటర్లు తెలిస్తే విమానం ఎన్ని గంటలు పడుతుందో చెప్పేయొచ్చా?

గగనవిహారి:
రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, "ఇన్ని గంటలే" అని చెప్పేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పది పన్నెండు గంటలు దాటిన ప్రయాణాలకు ఈ లెక్క పనికిరాదని నా వాదన. ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కోనే చూడండి. గ్లోబు మీద దారం బిగించి కొలిస్తే దాదాపు 12,400 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, సుమారు 13,900. 2016 అక్టోబరులో పసిఫిక్ వైపు తిప్పారు. ఆ దారిలో 15,300 కిలోమీటర్లు. అంత చుట్టు తిరిగినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారి కన్నా దాదాపు రెండు గంటల ముందే! చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలి, అదే జెట్ స్ట్రీమ్, వెనక నుంచి తోయడమే కారణం.

లెక్కలమాస్టారు:
ఒక్క రూటు పట్టుకుని లెక్కనే తప్పంటే ఎలాగండీ? సింగపూర్–న్యూయార్క్ కూడా సుమారు 15,300 కిలోమీటర్లే. 900తో భాగిస్తే 17 గంటలు. పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తగ్గుతుంది, రన్‌వే దాకా విమానం నేల మీద మెల్లగా పోవాలి. టికెట్ మీద వేసేది గేటు నుంచి గేటుకి పట్టే సమయం కదా. అవన్నీ కలిపితే పద్దెనిమిదిన్నర దాకా వస్తుంది. షెడ్యూల్ కూడా దాదాపు అంతే.

గగనవిహారి:
మాస్టారూ, మీరే నా మాట నిరూపించారు. అక్కడా 15,300, ఇక్కడా 15,300. గేటు దగ్గర పోయే సమయం తీసేసినా మూడు గంటల పైన తేడా ఉంది. కనెక్టింగ్ ఫ్లైట్ ఉన్నవాడికి ఆ మూడు గంటలంటే ఎంత టెన్షనో చెప్పాలా?

మేఘమాల:
గాలి సంగతి సరే, మూసేసిన ఆకాశం మాటేమిటి? హెల్సింకి–టోక్యో దూరం 7,800 కిలోమీటర్ల చిల్లర. రష్యా మీదుగా తొమ్మిది గంటల్లో అయిపోయేది. 2022లో ఆ గగనతలం మూతపడ్డాక ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ విమానాలు ఉత్తర ధ్రువం వైపునో దక్షిణంగానో చుట్టుకుని పోతున్నాయి. ఇప్పుడు పదమూడు గంటలు. ఊళ్లు కదల్లేదు, కిలోమీటర్లు మారలేదు. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవారికి ఆ నాలుగు గంటలు చాలా ఎక్కువ.

లెక్కలమాస్టారు:
అది రాజకీయం అమ్మా, దూరం తప్పు కాదు. లండన్–న్యూయార్క్ 5,500 కిలోమీటర్లు. తూర్పుకి ఏడు గంటలు, పడమటికి ఎనిమిది, అటూ ఇటూగా. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలులు తోడై బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి 4 గంటల 56 నిమిషాల్లో లండన్ చేరింది. అలాంటి రోజును చూసి ఎవరూ ప్రయాణం ప్లాన్ చేసుకోరు, సగటునే చూస్తారు.

గగనవిహారి:
సగటు చెప్పండి, వద్దనను. కానీ రానూ పోనూ ఒకే అంకె చెప్పకండి. దేనికది వేరుగా చెప్పాలి. ఆ ఫ్లైట్ గత వారం రోజుల్లో నిజంగా ఎంతసేపు ఎగిరిందో విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24 వెబ్‌సైట్‌లో చూసుకోమని కూడా చెప్పాలి.

లెక్కలమాస్టారు:
రెండు వైపులకీ వేరుగా చెప్పాలన్నది ఒప్పుకుంటాను. కిలోమీటర్లు అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను. యూరప్‌లో విమానం రద్దయితే ఇచ్చే పరిహారం 1,500, 3,500 కిలోమీటర్ల హద్దుల్ని బట్టే తేలుతుంది. అక్కడ కొలిచేది గ్లోబు మీద దారం దూరమే, విమానం ఎంత చుట్టు తిరిగిందన్నది కాదు.