రన్నింగ్ వాటర్‌లో పారేది నీళ్ళే, మరి డ్రింకింగ్ వాటర్‌లో తాగేదెవరు?

నల్లకుంట నుంచి:

అందరికీ నమస్కారం. మా వీధిలో ఒక ఇంటికి అద్దె బోర్డు కట్టారు. "రన్నింగ్ వాటర్, డ్రింకింగ్ వాటర్ కలవు" అని రాశారు. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి దాన్ని చదివి, "రన్నింగ్ వాటర్‌లో పారేది నీళ్ళే కదమ్మా, అయితే డ్రింకింగ్ వాటర్‌లో తాగేది కూడా నీళ్ళేనా?" అని అడిగింది. కాదు, తాగేది మనమే అన్నాను. "రెండు మాటల చివరా ఇంగే ఉంది కదా, అర్థం ఎందుకు మారింది?" అంది. నాకు జవాబు తోచలేదు. పెద్దలెవరైనా చెప్పగలరా?

చిక్కడపల్లి నుంచి:

అమ్మా, ముందుగా మీ అమ్మాయికి నా ఆశీస్సులు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగూ ఇంగ్లీషూ రెండూ చెప్పాను. ఈ ప్రశ్న నన్ను ఒక్క విద్యార్థీ అడగలేదు.

జవాబు మన భాషలోనే ఉంది. "తాగే మనిషి, తాగే నీళ్ళు, తాగే గ్లాసు" అని పైకి చదివించండి. మనిషి తాగుతాడు, నీళ్ళను తాగుతారు, గ్లాసుతో తాగుతారు. మూడు చోట్లా "తాగే" అన్న మాట అణువంతైనా మారలేదు. ఎవరు తాగుతున్నారో ఆ మాట చెప్పదు, పక్కనున్న నామవాచకాన్ని బట్టి మనమే గ్రహిస్తాం. మన వ్యాకరణంలో దీన్ని ధాతుజ విశేషణం అంటారు, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం. ఇంగ్లీషు కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. డ్రింకింగ్ మ్యాన్, డ్రింకింగ్ వాటర్, డ్రింకింగ్ గ్లాస్ మూడూ ఆ భాషలో చెల్లుతాయి.

అయితే తెలుగుకు మరో దారి కూడా ఉంది, నాకు అదంటే ప్రాణం. ఒక వస్తువు ఏ పనికి ఉద్దేశించిందో చెప్పాలంటే ఆ పని పేరునే తెచ్చి ముందు పెడతాం. వంటనూనె, కుట్టుమిషను, పడకగది, వేటకుక్క, ఈతకొలను. వీటిలో చాలావాటికి ఇంగ్లీషులో కుకింగ్ ఆయిల్, సోయింగ్ మెషిన్ అంటూ ఇంగే కావాలి. మనకు వంట, కుట్టు, పడక, వేట, ఈత అని ఒక్కో పనికి ఒక్కో అచ్చమైన పేరుంది. తాగునీరు ఇంకా సొగసైన మాట. అందులో "తాగు" అన్న ధాతువే ఏ కాలాన్నీ అంటించుకోకుండా నీటికి తగులుకుంది. నిన్న తాగారా, రేపు తాగుతారా అన్న ప్రసక్తే లేదు, తాగడానికి పనికిరావడం ఆ నీటి గుణం. ఇలాంటి రూపానికి వ్యాకరణంలో తద్ధర్మార్థకం, అంటే దాని ధర్మాన్ని చెప్పేది, అన్న పేరు పెట్టింది అందుకే. 1908లో మూసీ వరద వచ్చాక కట్టిన గండిపేట చెరువు నీటిని మన ఊరివాళ్ళు తాగునీరు అన్నప్పుడల్లా ఎంత పాత వ్యాకరణం పలుకుతున్నారో గుర్తుచేసుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంగ్లీషుకు కూడా ఒకప్పుడు ఈ తేడా ఉండేది. చాలా పాత ఇంగ్లీషులో పని పేరుకు చివర "ఉంగ్" వచ్చేది, పని చేస్తున్నదాన్ని చెప్పే విశేషణానికి "ఎండె" వచ్చేది. మధ్యకాలపు ఇంగ్లీషులో ఆ రెండూ కలిసిపోయి ఒకే ఇంగ్ మిగిలింది. మీ అమ్మాయికి ఎదురైన చిక్కు ఆ కలయిక వల్ల వచ్చిందే. రాతలో పోయిన తేడా పలుకులో మాత్రం నిలిచింది. స్లీపింగ్ బ్యాగ్ అన్నప్పుడు వాళ్ళు మొదటి మాటను ఒత్తుతారు. స్లీపింగ్ బేబీ అన్నప్పుడు ఒత్తు బేబీ మీద పడుతుంది. సంచి నిద్రపోదు, పాప నిద్రపోతుంది. డ్రింకింగ్ వాటర్‌లో మొదటి మాట మీద, రన్నింగ్ వాటర్‌లో వాటర్ మీద. పాపతో పలికించి చూడండి.

మలక్‌పేట నుంచి:

మాస్టారూ, మా అబ్బాయి క్లాసులో "నాకు విసుగ్గా ఉంది" అని చెప్పబోయి "ఐ యామ్ బోరింగ్" అన్నాడట, అందరూ నవ్వారని అలిగి వచ్చాడు. పైగా మన ఊళ్ళో బోరింగ్ అంటే చేతిపంపు కూడా. దీనికి ఏదైనా గుర్తు చెప్పండి.

చిక్కడపల్లి నుంచి:

నవ్వినవాళ్ళది తప్పమ్మా. మీ అబ్బాయి "నాకు" అని తలచుకుని మాట్లాడాడు, ఆ "కు" విభక్తికి ఇంగ్లీషులో చోటు లేక పొరపాటు పడ్డాడు. మన భాషలో "పెట్టు", "పడు" అన్న రెండు మాటలున్నాయి. భయపెట్టే కుక్క, భయపడిన పిల్లవాడు. కంగారుపెట్టే ప్రశ్న, కంగారుపడిన విద్యార్థి. "పెట్టే" వచ్చిన చోట ఇంగ్లీషులో ఇంగ్, "పడిన" వచ్చిన చోట ఎడ్. విసిగించే పాఠం బోరింగ్, విసిగిపోయిన పిల్లవాడు బోర్డ్. ఆశ్చర్యపరిచే, ఆశ్చర్యపోయిన అన్నవి కూడా ఇదే జోడు. తెలుగు బాగా వచ్చిన పిల్లలు ఈ తప్పు చేయనవసరం లేదు, ఎవరో ఒకరు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి, అంతే.

కూకట్‌పల్లి నుంచి:

గుడ్‌లుకింగ్ అంటారు కదండీ, వెల్‌లుకింగ్ అని ఎందుకు అనరు? మనం "అందంగా కనిపించే" అనే అంటాం, "అందమైన కనిపించే" అనం.

చిక్కడపల్లి నుంచి:

మంచి చోట పట్టుకున్నారు. తెలుగులో "గా" లేకుండా ఆ వాక్యం నడవదు. అందుకే మనవాళ్ళు లుకింగ్ పక్కన బ్యూటిఫుల్‌కు బదులు బ్యూటిఫుల్లీ అనేస్తుంటారు. ఇంగ్లీషులో కనిపించడం, వాసన రావడం, రుచిగా ఉండటం వంటి క్రియల పక్కన విశేషణమే వస్తుంది. స్వీట్ స్మెల్లింగ్ పువ్వు అంటే ఆ తీపి పువ్వుదే. హార్డ్ వర్కింగ్ మనిషిలో మాత్రం హార్డ్ అన్నది మనిషి గుణం కాదు, పని చేసే తీరు.

ముందు నామవాచకం వస్తే అది చాలాసార్లు కర్మ అవుతుంది. మ్యాన్ ఈటింగ్ టైగర్ అంటే మనిషిని తినే పులి. కానీ మౌత్ వాటరింగ్ బిర్యానీ దగ్గర ఈ సూత్రం తప్పుతుంది. అక్కడ ఊరేది నోరే, అంటే నోరు కర్త. ఊరేట్టు చేసేది బిర్యానీ అన్న సంగతి ఇంగ్లీషు మాటలో ఎక్కడా లేదు. మన "నోరూరించే"లో ఆ "ఇంచు" ఒక్కటే ఆ సంగతంతా చెప్పేస్తుంది. ఇంత పొందికైన మాట ఉన్నప్పుడు మెనూ కార్డుల మీద ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో అచ్చు వేయడం చూస్తే బాధ కలుగుతుంది.

సికింద్రాబాద్ నుంచి:

అయితే పార్కింగ్, బుకింగ్, షాపింగ్ కూడా మానేయాలంటారా?

చిక్కడపల్లి నుంచి:

అలా అననండీ. పార్కింగ్ చేశాం, బుకింగ్ అయింది అంటూ "చేయు", "అగు" తగిలించి వాటిని మన నామవాచకాలుగా మలచుకున్నాం. అవి ఇక మనవే. కాని వంటనూనెను పారేసి కుకింగ్ ఆయిల్ తెచ్చుకోవాల్సిన అవసరం ఏమిటో నాకు అర్థం కాదు.

నల్లకుంట నుంచి:

ఎంతో ఓపికగా చెప్పారు మాస్టారూ. పాపతో పలికించాను, ఒత్తు తేడా వెంటనే పట్టుకుంది. ఇప్పుడు మరో ప్రశ్న వేసింది. వాషింగ్ మెషిన్‌లో ఉతికేది ఆ మెషినే కదా, అది రన్నింగ్ వాటర్ జట్టా, డ్రింకింగ్ వాటర్ జట్టా అని.

చిక్కడపల్లి నుంచి:

స్విచ్ ఆపి చూడమనండి అమ్మా. పారడం ఆగిపోతే ఆ నీటిని రన్నింగ్ వాటర్ అనలేం. మెషిన్ మాత్రం ఆగి మూల నిలబడి ఉన్నా వాషింగ్ మెషినే.