‘ప్రియకపాదప’ అంటే కడిమా, వేగిసా?

గోదారిగట్టు:
హౌరాలో హుగ్లీ ఒడ్డున ఉన్న శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో కెమెరా పట్టుకుని తిరిగొచ్చాను. 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన తోట అది. ఆయన పోయాక, 1793లో మన సామర్లకోట నుంచి వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ చేతికొచ్చింది. గోపికలు కృష్ణుణ్ణి చూశావా అని ఒక్కో చెట్టునీ అడిగే పోతన గారి ‘పున్నాగ కానవే’ సీసంలోంచి ఫోటోల కింద ఒక్కో ముక్క రాస్తున్నాను. పొన్న, వెదురు, చందనం అయ్యాయి. సీసం చివరి ఎత్తుగీతిలో (తేటగీతిలో) ‘కువలయవృక్షమ కానవే’ తర్వాత ‘ప్రియకపాదప’ అని వస్తుందే, అక్కడ ఆగిపోయాను. బంతుల్లా పూసిన కడిమి (కదంబం) ఫోటో ఉంది. దాన్ని ప్రియకం అనొచ్చా?

తేటగీతి:
ముందు ఆ ‘య’ తీసేయండి. ‘కువలవృక్షమ కానవే కువలయేశు’. తేటగీతి పాదంలో మొదట సూర్యగణం రావాలి, ‘కువల’ నగణం. తర్వాత ఇంద్రగణం రావాలి, ‘వృక్షమ’ భగణం. ‘య’ చేర్చారంటే ‘యవృక్షమ’ లగలల అవుతుంది, అది ఏ ఇంద్రగణమూ కాదు.

మంకెనపువ్వు:
గణాలు సరే మాస్టారూ, అర్థం సంగతేమిటి? కువలమన్నా కలువే కదా. కలువకు వృక్షమెక్కడిది?

తేటగీతి:
అమరం (సంస్కృత నిఘంటువు అమరకోశం) తీయండమ్మా. ‘కోలం కువలఫేనిలే’, రేగు పేర్లలో ఉంది. బదరి అన్నా రేగే. చివర్లో ఉద్ధవుణ్ణి బదరికాశ్రమానికి పంపినవాడు కృష్ణుడే. గోపికలు రేగుచెట్టును అడగడంలో ఆ సూచన ఉందని నా నమ్మకం.

మంకెనపువ్వు:
బదరి దాకా ఎందుకండీ? ‘కువల’కు ‘య’ తగిలించి, ‘కువలయేశు’ అని కృష్ణుణ్ణి భూవలయానికే దొరను చేశాడు, అందం అక్కడుంది. ‘బంధూక’, ‘బంధుమిత్రు’ దగ్గరా ఇంతే, మాట మొత్తం తిరిగి రాదు. పోతన చెవి అది! ఈ పద్యం పైకి చదవకుండా కళ్లతో చూసి వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

గోదారిగట్టు:
సరే, రేగు. మరి ప్రియకం?

పాతతాటాకు:
అమరంలో రెండుచోట్ల ఉంది. ‘నీపప్రియకకదంబాః’ అన్నచోట కడిమి. ‘సర్జకాసనబంధూకపుష్పప్రియకజీవకాః’ అన్నచోట వేగిస. నా ఓటు కడిమికే. వేగిసకు బంధూకపుష్పమనీ పేరుంది కదా, సీసంలో బంధూకాన్ని ఒకసారి పిలిచాక ఆ చెట్టునే మళ్లీ అడుగుతాడా?

మంకెనపువ్వు:
అది కుదరదండీ. సీసంలో బంధూకం మంకెన. నా పేరే అది, వదులుకోను. బంధూకపుష్పం వేరే సమాసం.

తేటగీతి:
మూలమైన సంస్కృత భాగవతం చూద్దామన్నా తేలదు. వ్యాసుల శ్లోకంలో ‘పనసాసన’ అని వేగిసా ఉంది, ‘కదంబనీపాః’ అని కడిమీ ఉంది. కాళియుడి మడుగులోకి దూకింది కడిమి మీంచే కాబట్టి పద్యంలో ‘ప్రియకపాదప కానవే’ తర్వాత వచ్చే ‘ప్రియవిహారు’ దానికే నప్పుతుంది.

పాతతాటాకు:
ఆ తోటలో అడుగుతున్నారు కాబట్టి ఇంకో మాట. వేగిసకు ప్టెరోకార్పస్ మార్సూపియం అని శాస్త్రనామం పెట్టింది రాక్స్‌బర్గే. 1795 నుంచి అచ్చయిన ఆయన కోరమాండల్ మొక్కల సంపుటాల్లో చెట్టు చెట్టుకూ ‘తెలింగుల’ (తెలుగువాళ్ల) పేరు రాసుకున్నాడు. మన రైతుల నోటి మాట విని రాసిన పేర్లవి. వాటిని తెలుగు లిపిలో సరిగ్గా అచ్చువేసుకోవాల్సిన పని మనదే.

మంకెనపువ్వు:
అక్కడి మహావటం ఫోటో పెట్టలేదేం? అసలు మాను చీకు పట్టి 1925లో తీసేశారు, ఇప్పుడు ఊడల మీదే నిలబడి ఉంది. సీసంలో మర్రి లేదనా?

గోదారిగట్టు:
అందుకే పెట్టలేదండీ. కడిమి కింద ‘ప్రియకపాదప’ రాసేస్తున్నాను. వేగిస ఫోటో కూడా తీశాను, మానుకు గాటు పడ్డచోట ఎర్రటి జిగురు కారి గడ్డకట్టి ఉంది. దానికేం రాయమంటారు?

పాతతాటాకు:
దానికీ ‘ప్రియకపాదప’ అనే రాయండి.

తేటగీతి:
ఒప్పుకోను. ‘అసన’ అని రాయండి.