ఉత్సవ సమితి దగ్గర మిగిలిన డబ్బు: డిపాజిట్‌లో ఉండాలా, కళాకారులకు చేరాలా? (ఆన్‌లైన్ చర్చ; ప్రతి పోస్టు పైన రాసినవాళ్ల మారుపేరు ఉంది)

హనుమకొండ చౌరస్తా

మన జానపద కళోత్సవ సమితి సర్వసభ్య సమావేశం దగ్గరపడింది. నోటీసుతో పాటు పంపిన జమా ఖర్చుల కాగితం చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. విరాళాలు, స్పాన్సర్లు, సభ్యత్వ రుసుము అన్నీ కలిపి పదకొండు లక్షల పైచిలుకు వచ్చింది. వేదిక, లైట్లు, సౌండ్‌కు నాలుగు లక్షలు దాటింది. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలకు లక్షన్నర. మూడు రోజులు ఆడి పాడిన మేళాలన్నిటికీ కలిపి లక్షా ఎనభై వేలు. ఇవి కాక బ్యాంకులో తొమ్మిది లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది.

డిపాజిట్ ఉండటం తప్పని నేను అనను. అది అక్కడ ఉండగానే కొన్ని మేళాలకు ఉత్సవం అయిపోయిన నాలుగు నెలలకు గానీ డబ్బు అందలేదు. టెంట్‌హౌస్‌కు మాత్రం సామాను దించిన రోజే సగం ముట్టింది. ఆ టెంట్‌హౌస్ అధ్యక్షుడి బావమరిదిది. రేటు సరైనదే కావచ్చు. కానీ ఇంకొకరిని అడిగినట్టు ఫైలులో ఒక్క కొటేషన్ కూడా లేదు.

అందుకే నిబంధనావళికి సవరణ పెడుతున్నాను. ఉత్సవానికి ముందే బడ్జెట్‌ను సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. ఆదాయంలో కనీసం మూడో వంతు కళాకారులకే కేటాయించాలి, అదీ వాళ్లు వేదిక దిగిన రోజే ఇవ్వాలి. కార్యవర్గ సభ్యుల బంధువులకు కాంట్రాక్టులు ఇవ్వకూడదు. ఒకే పదవిలో వరసగా రెండు దఫాలకు మించి ఎవరూ ఉండకూడదు. మీ అభిప్రాయాలు చెప్పండి.

పాత కోశాధికారి

మీ ఆవేదన నిజమైనదే. కానీ ఆ తొమ్మిది లక్షలు ఎందుకు దాచామో తెలియకుండా దాని మీద చెయ్యి వేయొద్దు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, రెండేళ్లు ఉత్సవమే జరగలేదు. స్పాన్సర్ అన్న మాటే వినపడని రోజులవి. ఆఫీసు గది అద్దె, ఆడిటర్ ఫీజు, కరెంటు బిల్లు అన్నీ డిపాజిట్ వడ్డీతోనే కట్టాం. పస్తులున్న కళాకారుల ఇళ్లకు బియ్యం, నూనె పంపింది కూడా దాన్ని కొంత విడగొట్టే. ఆ తర్వాత 2023 జూలై వానలకు నయీంనగర్ వైపు గోదాములో పెట్టిన మన సౌండ్ సామాను, తివాచీలు మొత్తం నీళ్లపాలయ్యాయి. అప్పుడు కూడా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు.

మన ఆదాయం ఏటా ఒకేలా ఉండదు. ఎన్నికల ఏడాది స్పాన్సర్లు వరస కడతారు, మరుసటి ఏడాది ఫోన్ కూడా ఎత్తరు. ఒక ఏడాది ఉత్సవం ఖర్చుకు సరిపడా నిల్వ లేకపోతే సంస్థను నడపలేం. మూడో వంతు అని నిబంధనావళిలో రాసేస్తే ఆదాయం తగ్గిన ఏడాది మేళాలకే నష్టం. ఆరు లక్షలే వస్తే అందులో మూడో వంతు రెండు లక్షలు. ఆ రెండు లక్షలు ఇచ్చాం, నిబంధన పాటించాం అని కార్యవర్గం చేతులు దులుపుకుంటుంది.

మేళం ఇంటివాడు

అన్నా, నేను మీ సమితిలో సభ్యుణ్ని కాదు. మాది జనగామ వైపు చిందు యక్షగానం ఆడే కుటుంబం. మీరు పైసల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా వైపు లెక్క కూడా చెబుతాను.

మా బాపు మేళంలో పన్నెండు మంది. సాయంత్రం ఏడింటికి ఆట అంటే మధ్యాహ్నం నుంచే ముఖానికి అర్దళం పూసుకోవాలి. కిరీటం, భుజకీర్తులు కట్టుకున్నాక ఒక చోట కూర్చోవడం కూడా కష్టమే, నీళ్లు తాగాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. పోయినసారి అట్లా తయారై మైదానం వెనకాల నిలబడితే అతిథుల ప్రసంగాలు అయ్యాయి, సన్మానాలు అయ్యాయి, తొమ్మిదిన్నరకు మా పేరు పిలిచారు. పిలిచి, పదిహేను నిమిషాల్లో ముగించమన్నారు. తెల్లవార్లూ ఆడే ఆట అది. ఏ ఘట్టం ఆడాలి, ఏది వదలాలి అని బాపు స్టేజీ మెట్ల మీద నిలబడి లెక్క వేసుకున్నాడు.

ఇస్తామన్నది పాతిక వేలు. వేషాల పెట్టెలకు మాట్లాడుకున్న టాటా ఏస్ కిరాయి మేమే పెట్టుకున్నాం. శివరాత్రి దాటింది, ఉగాది దాటింది, అప్పుడు గానీ డబ్బు రాలేదు. వచ్చింది ఇరవై రెండున్నర వేలు. ఇదేంటి సార్ అంటే పది శాతం టీడీఎస్ కోశాం అన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. ఆ రాత్రే వాటా ఇస్తానని బాపు మేళం వాళ్లకు మాట ఇచ్చాడు. అందుకని మిత్తికి తెచ్చి పంచాడు.

మా జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. చిందు యక్షగానం గొప్పదని ఇప్పుడు ప్రతి వేదిక మీదా చెబుతున్నారు. శాలువాలు మా ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. వాటికి బదులు కిరాయి ఇవ్వండి చాలు.

కాజీపేట కుర్రోడు

ఇంత జరిగితే ఇంకా చర్చలెందుకు? సమితి మీద ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేద్దాం. లెక్కలన్నీ బయటికి వస్తాయి.

పద్దుల మనిషి

నేను ఆడిట్ పని చేస్తాను. మన సమితి ఆడిట్ నాది కాదు. కొన్ని విషయాలు ఇక్కడ కలగాపులగం అయ్యాయి, విడదీసి చెబుతాను.

ముందు టీడీఎస్ సంగతి, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. వృత్తిపరమైన ఫీజు మీద పది శాతం కోయాలంటే ఏడాదిలో చెల్లింపు ఒక పరిమితి దాటాలి. అది 30 వేలు ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి 50 వేలు చేశారు. పాతిక వేలకు కోయాల్సిన పనే లేదు. కోశారే అనుకుందాం, అది మీ నాన్నగారి పాన్ కింద 26ఏఎస్‌లో, అంటే ఆయన పేరు మీద కట్టిన పన్ను చూపించే పత్రంలో, కనపడి తీరాలి. తమ్ముడూ, ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్లి ఈ రోజే చూడు. కనపడితే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కనపడకపోతే ఆ రెండున్నర వేలు ప్రభుత్వానికి చేరినట్టు కాదు. అప్పుడు కార్యవర్గం రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. జీఎస్టీ పేరు చెప్పి ఎవరైనా కోస్తే కూడా ఒప్పుకోవద్దు. జానపద, శాస్త్రీయ కళారూపాలు ప్రదర్శించే కళాకారుడి పారితోషికం లక్షన్నర లోపు ఉంటే జీఎస్టీ మినహాయింపు ఉంది.

డిపాజిట్ గురించి కోశాధికారి గారు చెప్పింది సగం సరైనది. పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ ఏటా ఆదాయంలో 85 శాతం తన ఆశయాల కోసం ఖర్చు పెట్టాలి, మిగిలిన 15 శాతం ఏ షరతూ లేకుండా దాచుకోవచ్చు. అంతకంటే ఎక్కువ దాచాలంటే ఎందుకోసమో స్పష్టంగా రాసి ఆదాయపు పన్ను శాఖకు తెలపాలి, అదీ ఐదేళ్ల లోపు ఆ పనికే వాడాలి. మన తొమ్మిది లక్షల్లో ఏ భాగం దాతలు మూలనిధికి (ఖర్చు పెట్టకుండా ఉంచే నిధికి) అని రాసి ఇచ్చింది, ఏ భాగం ఏటేటా మిగిలింది అన్నది నోటీసుతో వచ్చిన కాగితంలో లేదు. సమావేశంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

బంధువులకు కాంట్రాక్టు ఇవ్వకూడదని చట్టం అనదు. సంస్థ నడిపేవాళ్లకు గానీ, వాళ్ల బంధువులకు గానీ తగిన ధర కంటే ఎక్కువ చెల్లిస్తే సంస్థ పన్ను మినహాయింపుకే ముప్పు అంటుంది. అంటే ఆ ధర తగినదని చూపించే బాధ్యత సమితిది. పోటీ కొటేషన్లు లేకపోతే ఏం చూపిస్తారు? పైగా కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే) డబ్బు అడగాలని కార్యవర్గం అనుకుంటోందని విన్నాను. సంప్రదాయ కళలు ఆ జాబితాలో ఉన్నాయి. కానీ 2021 నుంచి ఆ డబ్బు తీసుకునే సంస్థకు సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదు ఉండాలి, ఫైలు ఇట్లా ఉంటే ఏ కంపెనీ కూడా ముందుకు రాదు.

ఆర్టీఐ మాట కూడా చెబుతాను. రిజిస్టర్ అయిన ప్రతి సొసైటీ ఆర్టీఐ కిందికి రాదు. ప్రభుత్వ అజమాయిషీ గానీ, గణనీయంగా ప్రభుత్వ నిధులు గానీ ఉంటేనే వస్తుందని 2013లో కేరళ సహకార సంఘాల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. భాషా సాంస్కృతిక శాఖ నుంచి మనకు గ్రాంటు వచ్చి ఉంటే, ఆ గ్రాంటు వివరాలు ఆ శాఖను అడగొచ్చు. సమితి లెక్కలు మాత్రం సభ్యుడిగా అడగడమే దగ్గరి దారి.

పెద్దమ్మగడ్డ అక్క

అందరూ కార్యవర్గాన్ని దోషిని చేసి నిలబెట్టారు. నేను అందులో లేను గానీ ప్రతి ఉత్సవానికీ వలంటీరుగా పనిచేస్తాను, అందుకే రాయాలనిపించింది. పోలీసు పర్మిషన్, కార్పొరేషన్ పర్మిషన్, కరెంటు వాళ్ల టెంపరరీ కనెక్షన్, మేళాలకు భోజనాలు, ఆడవాళ్లకు వేషం వేసుకునే గది. ఇవన్నీ ఇద్దరు ముగ్గురు మనుషులే సొంత పనులు మానుకుని చూస్తున్నారు. ఎన్నిక పెట్టిన ప్రతిసారీ నామినేషన్ వేయమని బతిమాలాం. ఒక్కరూ రాలేదు. ఏడుగురు ఉంటే గానీ సొసైటీయే కాదు కదా, ఆ ఏడు పేర్లు నింపడానికే ఇంటింటికీ తిరిగాం. రెండు దఫాల నిబంధన పెడితే మూడో దఫాకు ఎవరున్నారు?

టెంట్‌హౌస్ అతను బావమరిదే. కానీ 2023లో వాన పడ్డ రాత్రి షామియానా కూలుతుంటే పది మంది కూలీలను తెచ్చి నిలబెట్టింది అతనే. దానికి అదనంగా ఒక్క పైసా అడగలేదు.

మేళం తమ్ముడు రాసింది చదివి నాకు నిద్ర పట్టలేదు. కిరీటం కట్టుకుని నిలబడ్డవాళ్లకు నేనే టీ తెచ్చి ఇచ్చాను ఆ రోజు. ప్రసంగాలు ఆపమని చెప్పే అధికారం నాకు లేదు.

హనుమకొండ చౌరస్తా

అక్కా, మీరు చేసే పనిని తక్కువ చేయను. కానీ మనుషులు రావట్లేదు అన్నదానికి కారణం కూడా ఇదే అని నా నమ్మకం. బడ్జెట్ ఎవరి చేతిలో ఉందో తెలియదు, అడిగితే అవమానంగా తీసుకుంటారు, అలాంటి చోటికి కొత్తవాళ్లు ఎందుకు వస్తారు? మన ఊళ్లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది, 1904లో పుట్టింది. మొదలుపెట్టినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు, సంస్థ ఉంది. మన సమితి అధ్యక్షుడు రేపు తప్పుకుంటే చెక్కు మీద సంతకం ఎవరిదో కూడా మనకు తెలియదు.

ఖర్చు తగ్గించే దారి ఒకటి కళ్లముందే ఉంది. 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు, పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ముందు నుంచే ఉంది. ఒక్క రోజైనా హాలులో పెడితే షామియానా, వేదిక ఖర్చు మిగులుతుంది. మైదానమే ఎందుకు అంటే ఫ్లెక్సీలు కనపడవని స్పాన్సర్లు ఒప్పుకోరట. అంటే ఆ నాలుగు లక్షల్లో కొంత ఫ్లెక్సీలు కనపడటానికి ఖర్చవుతోంది. ఈ మాట బడ్జెట్ సభలో పెడితే సభ్యులు ఒప్పుకుంటారా? అందుకే ముందే ఆమోదం ఉండాలంటున్నాను.

పద్దుల మనిషి గారు చెప్పాక ఒక మార్పు చేస్తున్నాను. బంధువులకు నిషేధం తీసేస్తున్నాను. దానికి బదులు యాభై వేలు దాటిన ప్రతి పనికీ మూడు కొటేషన్లు ఉండాలి, సంబంధం ఉన్న సభ్యుడు ఆ నిర్ణయంలో కూర్చోకూడదు.

పద్దుల మనిషి

ఆ మార్పు బాగుంది. ఒక జాగ్రత్త. వేదిక దిగిన రోజే డబ్బు అంటే నగదు అనుకోవద్దు. ఒక మనిషికి ఒక రోజులో పది వేలు దాటి నగదు ఇస్తే అది సంస్థ ఖర్చు కింద లెక్కకు రాదు. మేళం పెద్ద ఖాతాకు నేరుగా పంపండి, రసీదు మీద మేళం వాళ్ల సంతకాలు తీసుకోండి. ఎన్నిక జరిగితే కొత్త కార్యవర్గం జాబితా పదిహేను రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు చేరాలి. అది ఆలస్యం చేస్తే రేపు గొడవ వచ్చినప్పుడు ఎవరు కార్యవర్గమో తేలక జిల్లా కోర్టు దాకా పోవాల్సి వస్తుంది.

పాత కోశాధికారి

బడ్జెట్ ముందస్తు ఆమోదానికి, కొటేషన్లకు, రెండు దఫాలకు నేను సంతకం పెడతాను. మూడో వంతుకు పెట్టను. దానికి బదులు ప్రతి మేళంతో ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఎంత మొత్తమో, రాకపోకల ఖర్చు ఎవరిదో, ఎంతసేపు ఆడతారో అందులో ఉండాలి. స్పాన్సర్ల డబ్బు రాకపోయినా ఆ మొత్తం డిపాజిట్ నుంచి ఇచ్చేయాలి. డిపాజిట్ ఉన్నది అందుకే అని రాద్దాం.

హనుమకొండ చౌరస్తా

ఒప్పందం మాట నాకు ఇష్టమే. కానీ వంతు రాయకపోతే ఒప్పందంలో మొత్తం మళ్లీ పాతిక వేలే అవుతుంది. మూడో వంతు వదలను, సభలో ఓటుకు పెడతాను.

పాత కోశాధికారి

పెట్టండి. నేను లేచి వ్యతిరేకంగా మాట్లాడతాను.

మేళం ఇంటివాడు

26ఏఎస్ చూశాను సార్. అందులో ఏమీ లేదు. బాపు పేరు మీద కార్యదర్శికి రాయాల్సిన ఉత్తరం ఎట్లా ఉండాలో చెప్పండి. ఇంకొక్క మాట. ఒప్పందంలో ఎంతసేపు ఆడతారని రాస్తామన్నారు కదా, ఎన్ని గంటలకు స్టేజీ ఎక్కిస్తారో కూడా రాయండి.