మ్యూరెన్‌లో ఫిబ్రవరి స్కీ సెలవులు: అమ్మానాన్నలతో, అందరం కొత్తవాళ్లమే. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

స్టుట్‌గార్ట్_సీమోడు: ఫిబ్రవరిలో వారం రోజులు స్విట్జర్లాండ్ కొండల్లో ఉన్న మ్యూరెన్ అనే ఊరు అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, కడప నుంచి వచ్చిన అమ్మానాన్న. ఊళ్లో కార్లు తిరగవంట, అందుకే మనసు పడింది. మాకు స్కీయింగ్ ఓనమాలు కూడా రావు. అక్కడ నేర్చుకోవచ్చా? పెద్దవాళ్లకు పొద్దు పోతుందా? రైళ్లకూ బస్సులకూ పనికొచ్చే స్విస్ ట్రావెల్ పాస్ చాలా? వంట సంగతి? చలికి తలా రెండు జతల ఉన్ని సాక్సులు మాత్రం కొనేశా.

జ్యూరిక్_బావ: ట్రావెల్ పాస్ మ్యూరెన్ దాకా తీసుకెళ్తుంది. పైన షిల్ట్‌హార్న్ శిఖరానికి వెళ్లే కేబుల్ కారుకు సగం ధర కట్టాలి. స్కీ లిఫ్టులకు అది చెల్లదు, స్కీ పాస్ విడిగా కొనాల్సిందే. లౌటర్‌బ్రున్నెన్‌లో రైలు దిగి, కేబుల్ కారులో గ్రూచ్‌ఆల్ప్ ఎక్కి, అక్కడ మళ్లీ బుల్లి రైలు. ఆవకాయ జాడీలు, నాలుగు సూట్‌కేసులు వేసుకుని బయల్దేరకండి, ప్రతి మారుపులోనూ మోసేది మీరే.

కోనసీమ_కోడలు: మా మామగారికైతే ఆ ఊరు స్వర్గమే అండి. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు. ఎండలో బెంచీ మీద కూర్చుంటే భోజనానికి కూడా లేచేవారు కాదు. అత్తగారు మాత్రం రెండో రోజుకే "మాట్లాడ్డానికి ఒక్క మనిషీ లేడు, ఇదేం ఊరే" అని మొదలెట్టారు. చీకటి పడితే ఊరంతా తలుపులేసుకుంటుంది. సందడి కావాలంటే కింద ఇంటర్‌లాకెన్ పట్నంలో దిగండి.

పీస్ట్_పులి: రెండు జతల సాక్సులా! అవి కడపకు పార్సిల్ చేసేయండి. స్కీ బూటులోకి ఒక్కటే జత, పల్చటిది, మోకాలి దాకా వచ్చేది. రెండు వేస్తే ముడతలు పడి బొబ్బలు లేస్తాయి, రక్తం ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది. ఆస్ట్రియా టీరోల్ కొండల్లో ఏళ్ల తరబడి నల్ల పీస్టులు, అంటే అన్నిటికన్నా కష్టమైన స్కీ దారులు, దిగినవాడిగా చెప్తున్నా.

వరంగల్_వాకర్: ఏంది బ్రదర్, లేహ్‌ల మైనస్ ఇరవైల రెండు జతలేసుకునే తిరిగిన. కాళ్లు మంచిగనే ఉన్నయ్. చలికి బట్ట ఎక్కువ వేసుకోవద్దంటే ఎట్ల?

పీస్ట్_పులి: లేహ్‌లో మీరు నడిచారు. నడక బూటు మెత్తగా వంగుతుంది. ఇది గట్టి ప్లాస్టిక్ డొప్ప. లోపల మడమ ఒక్క వేలంత కదిలినా స్కీ మీ మాట వినదు. అద్దె షాపులో పాదం పొడవు సెంటీమీటర్లలో కొలుస్తారు, బూటు మీద 26.5 అని ఉంటే అదే అర్థం. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. అది చూడకుండా "ఒక సైజు పెద్దది ఇవ్వండి" అనేవాళ్లందరూ మనవాళ్లే.

వరంగల్_వాకర్: "మనవాళ్లే" అంటే? నువ్వొక్కనివే ఆకాశం నుంచి ఊడిపడ్డవా? నల్ల పీస్టు దిగినోడికి నోరు అదుపుల ఉండొద్దా?

మ్యూనిక్_మీనాక్షి: సాక్సుల కోసం కొట్టుకునే బదులు బరువు నిజం చెప్పమనండి. అద్దె షాపులో బరువు, వయసు, అనుభవం రాసిస్తే దాన్నిబట్టే బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచి, పడితే వదిలేసే బిగింపు) బిగిస్తారు. మా గ్రూపులో ఒకాయన సిగ్గుపడి తక్కువ బరువు రాశాడు, వాలు మొదట్లోనే స్కీ ఊడిపోయింది. అంతకన్నా ప్రమాదం, రాకపోయినా బాగా వచ్చు అని రాయడం. అప్పుడు పడ్డా బైండింగ్ వదలదు, మోకాలు మెలి తిరుగుతుంది.

చరిత్ర_చలపతి: మీరు వెళ్లేది మామూలు ఊరు కాదు. కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే ఆధునిక స్లాలమ్ పందేన్ని ఆర్నల్డ్ లన్ అనే బ్రిటిష్ స్కీయర్ 1922లో ఇక్కడే పెట్టించాడు. 1931లో మొట్టమొదటి ఆల్పైన్ స్కీ ప్రపంచ పోటీలూ ఇక్కడే. ఇన్ఫెర్నో అనే స్కీ పందెం 1928 నుంచీ ఉంది, జనవరిలో జరుగుతుంది.

వరంగల్_వాకర్: గాయన ఎన్ని జతలేసుకున్నడో అడుగు 😀

పీస్ట్_పులి: 1922 నాటి తోలు బూట్లతో పోలుస్తున్నారా? ఇక నావల్ల కాదు.

జ్యూరిక్_బావ: అన్నలూ, అసలు ప్రశ్న నేర్చుకోవచ్చా అని. మ్యూరెన్‌లో కొత్తవాళ్లకు చోటు తక్కువ. ఊళ్లో చిన్న వాలు, ఊరి పైన ఆల్‌మెండ్‌హూబెల్ గుట్ట దగ్గర పిల్లలకు కొంచెం. మిగతాదంతా నిటారు. షిల్ట్‌హార్న్ కొన 2,970 మీటర్లు, అక్కణ్ణుంచి దిగేది కొత్తవాళ్ల దారి కాదు. లోయకు అవతలి అంచున వెంగెన్ ఉంది, అక్కడా కార్లు లేవు, నేర్చుకునే వాలు ఊరి మధ్యలోనే.

కోనసీమ_కోడలు: వెంగెన్‌లో జనం ఎక్కువండి. ప్రశాంతత కావాలన్నారుగా.

బాసెల్_బుజ్జి: ఒక్కరూ ఇన్సూరెన్స్ ఊసెత్తరేం? వీసా కోసం అమ్మానాన్నకు చేయించే పాలసీల్లో చాలావాటికి స్కీయింగ్ వర్తించదు. మా నాన్నగారు స్కీ కూడా కాదు, స్లెడ్జి మీంచి పడ్డారు. ఫోన్ చేస్తే కంపెనీ వాళ్లు "అది వింటర్ స్పోర్ట్ అండీ" అని చల్లగా చెప్పారు. ఆ బిల్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాలసీలో ఆ ముక్క పేరుపెట్టి రాయించుకోండి. కొండల్లో గాయపడ్డవాళ్లను తీసుకెళ్లే రేగా హెలికాప్టర్ నంబరు 1414 ఫోన్లో దాచుకోండి.

హైదరాబాదీ_హిమ: ఇంత ఖర్చెందుకు, కాశ్మీర్‌ల గుల్‌మార్గ్ పోండి. గొండోలా (కేబుల్ కారు) 3,900 మీటర్ల పైకి తీసుకెళ్తది. పక్కనే వేడి వేడి కహ్వా టీ.

పీస్ట్_పులి: స్టుట్‌గార్ట్ నుంచి గుల్‌మార్గ్‌కా? భేష్.

హైదరాబాదీ_హిమ: మిమ్మల్ని అడగలే.

స్టుట్‌గార్ట్_సీమోడు: అందరికీ థాంక్స్. వెంగెన్ కూడా చూస్తాం. అమ్మ ఒక్కటే అడుగుతోంది, మా ఇంటి రైస్ కుక్కర్ తెచ్చుకోవచ్చా అని.

జ్యూరిక్_బావ: తెచ్చుకోవచ్చు, కానీ జర్మనీలో కొన్నదైతే దాని లావు గుండ్రటి ప్లగ్గు స్విస్ సాకెట్లో దూరదు. అడాప్టర్ కొనండి. ఊళ్లో కోప్ సూపర్ మార్కెట్ ఉంది, బియ్యం దొరుకుతుంది. కందిపప్పు మీరే తెచ్చుకోండి.

కోనసీమ_కోడలు: ఇంగువ కూడా. తాలింపు పెట్టేముందు కిటికీ తీయండి, పై ఫ్లాట్ ఆవిడ మా తలుపు కొట్టింది.

వరంగల్_వాకర్: సాక్సులు వాపస్ చేస్తే నాకు చెప్పు అన్నా, కొంట.