అప్‌డేట్: శాంటా క్రూజ్ నీళ్లకి 4/3 వెట్‌సూటే తీసుకున్నా

కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో సర్ఫింగ్ నేర్చుకోబోతున్నా, 3/2 వెట్‌సూట్ (చన్నీళ్లలో చలి ఆగడానికి ఒంటికి అతుక్కునేలా వేసుకునే రబ్బరు సూటు) చాలా, 4/3 కావాలా అని అడిగాను కదా. చెప్పినవాళ్లందరికీ థాంక్స్. 4/3 కొన్నాను. అంటే ఒంటికి 4 మిల్లీమీటర్ల మందం, చేతులకీ కాళ్లకీ 3. ఎండాకాలంలో కూడా అక్కడి నీళ్లు దాదాపు 15 డిగ్రీలే; వైజాగ్ బీచ్ లెక్కలు పనికిరావు.

మందం కన్నా ఫిట్టింగ్ ముఖ్యమని ఒకరన్నారు, నూటికి నూరుపాళ్లు నిజం. నడుము వెనక, చంకల్లో ఖాళీ ఉంటే మునిగిన ప్రతిసారీ చన్నీళ్లు లోపలికొచ్చేస్తాయి. షాపులోనే చేతులు పైకెత్తి, గొంతుక్కూర్చుని చూసి మరీ తీసుకున్నా. వేసుకోవడం మాత్రం కుస్తీయే! కుట్లు కూడా చూడండి: జిగురుతో అతికించి, సూది అవతలికి దిగకుండా కుట్టినవి మేలు. సూది అవతలికి దిగే ఫ్లాట్‌లాక్ కుట్లలోంచి నీళ్లు దూరతాయి.

వెట్‌సూట్లకి పేరుమోసిన జాక్ ఓనీల్ 1959లో సర్ఫ్ షాపు పెట్టిన ఊరు కాబట్టి సూట్లకి కొదవలేదు. నేర్చుకునేది కవెల్స్ బీచ్‌లో. పక్కనే, బాగా వచ్చినవాళ్లు సర్ఫింగ్ చేసే స్టీమర్ లేన్ జోలికి ఇప్పుడే పోను. సర్ఫింగ్‌లో అల విరగడం మొదలయ్యే చోటుకి దగ్గరున్నవాళ్లదే ఆ అల, మధ్యలో దూరితే తిట్లే. బూటీల (కాళ్లకి వేసుకునే రబ్బరు బూట్ల) సంగతి చలికాలంలో చూస్తా.